కిటికీ తీసిన తల్లి

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే అమ్మ మా జడలు లాగి లాగి బిగించేది. కుయ్యిమంటే వీపు మీద ఒకటి పడేది. నాన్న కార్ఖానాలో నైట్ షిఫ్టు చేసి వచ్చి అప్పుడే నడుం వాల్చేవాడు. ఈ హిందీ ఊళ్ళో మాకున్నది ఒంటి గది క్వార్టరు. ఆయన లేచేదాకా పిల్లల నోళ్ళు మూయించడం ఎవరి తరం? అందుకే మా లైన్లో ఆడవాళ్ళంతా పిల్లల్ని తోలుకుని సినిమా హాలుకి పోయేవారు. ఆ పూట ఆడేవి ఇంగ్లీషు సినిమాలే... టికెట్టు చవక.

మాలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. నాకైతే ఈనాటికీ ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు... నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్లో కొడుతోంది. కొట్టవే, ఆపకు.

అయినా ఆ దయ్యాల సినిమాలు మాకు అర్థం కాలేదంటే మాత్రం ఊరుకోను. లండను దొరలు తీసినవి. పాడుపడ్డ కోట, పొగమంచులో గుర్రబ్బండి, నల్ల అంగీ కప్పుకున్న పొడుగాటి దొర... శవప్పెట్టెలోంచి లేచి నెత్తురు తాగుతాడు. కానీ వాడికీ ఒక కట్టుబాటుంది. లోపలివాళ్ళు తలుపో కిటికీయో తీస్తేగానీ గడప దాటలేడు. వెల్లుల్లి వాసన అసలే గిట్టదు. ఇందులో మాకు తెలియనిది ఏముంది? మా బాలింతల గదుల్లోనూ గుమ్మానికి వెల్లుల్లి, వేపమండ... తలగడ కింద ఇనప ముక్క ఉండేవి.

ఒక సినిమాలో జబ్బుపడ్డ పిల్లాడి మంచం చుట్టూ వెల్లుల్లి దండలు కట్టారు. పిల్లాడు ఊపిరాడక దగ్గుతున్నాడు. తల్లి వచ్చి చాలాసేపు అలా చూస్తూ నిలబడింది. మాట లేదు, పాట లేదు... కొవ్వొత్తి ఒక్కటే ఊగుతోంది. ఆవిడ చెయ్యి మెల్లిగా దండ మీదికి పోయింది.

"ఓలమ్మో! తియ్యకే! ఆడొచ్చేత్తాడే!" అని హాలు అదిరేలా ఒక అరుపు. మా అమ్మే!

గేటు దగ్గరి మనిషి "చుప్ రహో!" అని కసిరాడు. అమ్మకు వినపడితేగా... కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

ఆ ముందు వానాకాలంలోనే మా తమ్ముడు పురిట్లో పోయాడు. గది వాసన కొడుతోంది, బిడ్డకి గాలాడటం లేదని అమ్మే ఆ వెల్లుల్లి అంతా తీసి పారేసి కిటికీ తెరిచింది. తెల్లారేసరికి బిడ్డ లేడు. "తల్లే సంపుకుంది" అని లైనంతా గుసగుసలు. నా జట్టు పైడమ్మ ఉందే... వాళ్ళమ్మయితే మా అమ్మతో మాటలే మానేసింది.

తెర మీద ఆ తల్లి దండలు తీసేసింది... కిటికీ తెరిచింది... పిల్లాడి నుదురు ముద్దు పెట్టుకుంది. అప్పుడు పైడమ్మ వాళ్ళమ్మ వచ్చి మా అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఊరుకో అప్పా. ఏ తల్లయినా అదే సేత్తాది."

పై ఆదివారం ఆడవాళ్ళందరి కొంగుముడుల్లోనూ వెల్లుల్లి పాయలే! గేటు మనిషి ముక్కు మూసుకుని "లహసున్ కౌన్ లాయా?" అంటూ వరసలన్నీ వెతికాడు. అమ్మ పకపకా నవ్వింది. తమ్ముడు పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.

అదే సినిమాని పోయిన ఆదివారం మా తెలుగు సంఘం హాల్లో వేశారు. మేమిద్దరం పోరగా పోరగా సంఘం వాళ్ళు ఒప్పుకున్నారు. పైడమ్మ భాలుబాసా పేట నుంచి ఆటోలో వచ్చింది. దానికిప్పుడు చూపు మసక. "ఆ తల్లి ఒచ్చినప్పుడు సెప్పే" అని నన్ను ఆనుకుని కూర్చుంది. ఆ ఒక్క ఘట్టం కోసమే మేమిద్దరం అక్కడికి పోయింది.

మొదటి నెత్తురు చుక్కకే కుర్రకారు నవ్వులు. "నానమ్మా, యే తో కెచప్ హై!" అంది ఇదిగో, ఈ ఫోన్లో కొడుతున్నదే. నవ్వుకోండి! మేము వణికింది నెత్తురు చూసి కాదు... కిటికీ తీసిన చేతిని చూసి.

తల్లి గదిలోకి వచ్చింది. "ఒచ్చిందే" అన్నాను. అంతే... మా సంఘం సెక్రటరీ "అబ్బా, స్లో సీను" అంటూ సినిమాని ముందుకు తోసేశాడు! మళ్ళీ బొమ్మ నిలబడేసరికి పిల్లాణ్ణి పాతిపెడుతున్నారు.

"ఎనక్కి తిప్పు బాబూ!" అన్నాను.

"టైము లేదు మామ్మా, తంబోలా ఆట ఉంది. పిల్లాడు పోయాడు, అంతే కదా స్టోరీ."

"అంతేటిరా? ఎవులు తీసారో, ఎందుకు తీసారో సూడకుండా అంతేనంటే ఎలాగ?"

ఎవరు వింటారు? లైట్లు వేసేశారు, తంబోలా చీటీలు పంచేశారు.

"తీసేసిందేటే?" అని పైడమ్మ నా మోచెయ్యి కుదిపింది.

అంకెలు అరుస్తున్న ఆ గోలలోనే దాని చెవిలో చెప్పాను. దగ్గు... కొవ్వొత్తి... దండ మీదికి పోయిన చెయ్యి... తెరిచిన కిటికీ. సినిమాలో ఎంతసేపు పట్టిందో అంతసేపూ చెప్పాను. అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీయమ్మ తప్పేటీ నేదే" అంది. ఇన్నేళ్ళకి.

ఇప్పటి దయ్యాలకి తలుపు తీసే మనిషితో పనే లేదు... వస్తూనే మీద పడి అరుస్తాయి. ఒక తల్లి ఎందుకు తీసిందో చూసే ఓపికా మీకు లేకుండా పోయింది. మీ ఇళ్ళల్లో ఆ పొద్దుటాటలు చూసినవాళ్ళు ఇంకా ఉంటే, ఏ బొమ్మ దగ్గర అరిచారో అడిగి ఇక్కడ రాయండి. కానీ వాళ్ళు చెబుతుంటే మాత్రం... ముందుకు తోసెయ్యకండి.