జిబ్రాల్టరు కోట ముందు ఇన్‌స్పెక్టరుగారు

అప్పట్లో నేను ఆదోనిలో ఒక ఆడపిల్లల బడిలో టెంపరరీ టీచరమ్మను. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి నా పాఠం బాగుందంటే ఉద్యోగం ఖాయం. బాగాలేదంటే ఎమ్మిగనూరులో మా ఇంటి మగ్గం గుంట నా కోసం ఖాళీగానే ఉంది. మగ్గమంటే నాకు చిన్నచూపేమీ లేదు. నేను కూర్చుంటే పోగులు తెగుతాయి, వాటికంటే ముందు మా నాన్న ఓపిక తెగుతుంది.

ఇన్‌స్పెక్టరుగారికి వినిపించాల్సిన పాఠం జిబ్రాల్టరు ముట్టడి. స్పెయిన్ కొసనున్న ఆ రేవు పట్టణం గురించి చెప్పాల్సిన నేను సముద్రం మొహం చూసినదాన్ని కాను. కొండా కోటా మాత్రం కిటికీలోంచి తల పెడితే కనిపిస్తాయి. “అదే కొండకు మూడు దిక్కులా నీళ్ళున్నాయనుకోండి” అన్నాను.

“అన్ని నీళ్ళుంటే కోటలోవాళ్ళకేం కష్టం టీచరమ్మా?” అందొక పిల్ల.

ఉప్పునీళ్ళని చెప్పగానే క్లాసంతా ఉస్సూరుమంది.

ఆ ఊరిని అరబ్బులు, స్పెయిన్‌వాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఎన్నిసార్లు చుట్టుముట్టారో చెబుతుంటే పిల్లలు ఆవులించారు. ఒకసారి మూడేళ్ళకు పైగా ముట్టడించినా లోపలివాళ్ళు లొంగలేదనగానే నిటారుగా కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరుగారి ముందు దీన్ని ఆడి చూపిద్దామని నాకు బుద్ధి పుట్టింది. గది కోట, వరండా సముద్రం. పత్తి మిల్లు కూలీ కూతురు ఒకతె, మహా మొండిది, దాన్ని తలుపు దగ్గర నిలబెట్టి, “నేను చెప్పినా గడియ తీయకూడదు” అన్నాను.

మర్నాడు రావాల్సిన ఇన్‌స్పెక్టరుగారు మేము రిహార్సలులో ఉండగానే దిగబడ్డారు.

“ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు, తలుపు తీయండి!” అని బయటినుంచి హెడ్‌మిస్ట్రెస్సు కేక.

“తియ్యవే!” అన్నాను.

“తియ్యను.”

“ఆట అయిపోయిందే తల్లీ!”

అది నన్ను పట్టించుకోకుండా తలుపు సందులో నోరు పెట్టింది. “సార్, మా టీచరమ్మను ఇంటికి పంపించేకి వచ్చినారంట గదా. మీరు లోపలికొస్తేనే గదా పంపేది? ఆడనే ఉండండి.”

నేనే గడియ మీద చెయ్యి వేశాను. క్లాసు క్లాసంతా మీదపడి నా చెయ్యి పీకేసింది. కోపం రావాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది. నా ఉద్యోగం సంగతి వీళ్ళకు తెలుసని అంతదాకా నాకు తెలియదు.

చివరికి బయటినుంచి ఇన్‌స్పెక్టరుగారి గొంతు వినిపించింది. “కోటలో ఎన్నాళ్ళకు తిండి ఉందమ్మా?”

“సంగటి ముద్దలు అన్నీ కలిపితే రేపటిదాకా వస్తాది సార్.”

“రేపటిదాకా నా మోకాళ్ళు నిలబడవు తల్లీ” అన్నారాయన. ఆ తర్వాత కాగితం మీద కలం గీకిన చప్పుడు. కాసేపటికి తలుపు కిందనుంచి ఒక కాగితం లోపలికి జారింది.

ఆ పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. “పాఠం... పిల్లలకు... బాగా ఎక్కింది. ఈమె ఉద్యోగం... ఖాయం చేయవచ్చును.”

నేను గోడకు ఆనుకుని అలాగే నేలమీద కూలబడ్డాను. పిల్లలు గంతులేశారు. కోటపాలకురాలు మాత్రం కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, మడిచి, మళ్ళీ తలుపు కిందనుంచే బయటికి తోసేసింది.

“సంతకం మరిసినారు సార్” అంది.