అచ్చమ్మ మునుము

వరినాటు వేసేవారు వెనుకకు నడుస్తారు. వేములపల్లి అచ్చమ్మ ముప్పయ్యేండ్లుగా అలా వెనుకకే నడిచింది. మడిలో ఒక్కొక్కరి పాలికి వచ్చే వరుసను మునుము అంటారు. తన మునుము ముందుగా ముగించినది గట్టెక్కి కూర్చోదు. వెనుకబడినదాని పక్కకు పోయి, ఆమె మునుములో చేయి వేస్తుంది. అందరూ కలిసే గట్టెక్కుతారు. నాటుకూలీల బృందానికి పెద్ద అయిన అచ్చమ్మ, ఆ కట్టుబాటును ఒక్కనాడూ తప్పి ఎరుగదు.

సూర్యాపేట నుండి బదిలీపై వచ్చిన ఉపాధ్యాయిని ఇంద్రజ ప్రతి వేకువను కాలువకట్ట మీద పరుగెత్తేది. ఒకనాడు సద్దిగిన్నె పట్టుకొని పనికి పోతున్న అచ్చమ్మ, ఆమెను అవలీలగా దాటిపోయింది.

"ఏం కాళ్లు అక్కా అవి!" అన్నది ఇంద్రజ, రొప్పుతూ.

"బురదల నడిచిన కాళ్లు, టీచరమ్మా. గట్టినేల దొరికితే గవ్వే తేలిపోతయి."

ఆనాటి నుండి ఇద్దరూ కలిసి పరుగెత్తసాగారు. పంట పండే వేళ మిర్యాలగూడలో 'కంకుల పరుగు' జరుగుతుందని ఇంద్రజ చెప్పింది. తలకు రుమాలు చుట్టి, అందులో వరికంకి తురుముకొని, పండిన పొలాల నడుమ ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాలి. దారి పొడుగునా జొన్న అంబలి పోస్తారు. మూడు గంటలలోపు చివరనున్న తోరణం దాటినవారికి ఇత్తడితో చేసిన కంకిని మెడలో వేస్తారు. ఇంద్రజ ఇద్దరి పేర్లూ రాయించింది.

నాటులో అచ్చమ్మ పక్క మునుము పట్టే మోతీబాయి ముక్కుమీద వేలేసుకున్నది.

"కుక్క తరుముతలేదు, బస్సు పోతలేదు. మరెందుకే ఉరుకుడు?"

"ఊకెనే."

"ఊకెనే ఉరికెటోళ్లను దవాఖానల పడేస్తరే!"

అచ్చమ్మ నవ్వింది. అప్పటికే ఇంటిగోడకు ఒక మేకు కొట్టి ఉంచింది, ఇత్తడికంకి కోసం. తన చేత నాటిన పైరు ఏటేటా కోతతో వెళ్లిపోయేది. ఇది నాదని చూపుకొనే గుర్తు ఒక్కటైనా ఆమెకు లేదు.

ఆ ఆదివారం తెల్లవారకముందే డప్పు మోగింది. హైదరాబాదువారు, కోదాడవారు, ఎవరెవరో కంకులూపుకొంటూ కదిలారు. పొలాల మీద మంచు పాలమీగడ వలె పరచుకొని ఉన్నది. కాలువనీరు తమతోనే పరుగెత్తుతున్నట్లు, ఆగితే అదీ ఆగిపోతుందన్నట్లు తోచింది అచ్చమ్మకు. కాళ్లు ఉన్న జాడ తెలియలేదు. ముప్పయ్యేండ్లు తనకు ఎదుటి నుండి దూరమవుతూ వచ్చిన పచ్చని నేల, ఇప్పుడు బంగారువన్నెతో తనకే ఎదురు వస్తున్నది. ఎవరో పిలిచినట్లయి ఒకటి రెండుసార్లు ఊఁ కొట్టింది కూడా. పిలిచినవారు లేరు, గాలికి పైరు కదిలింది, అంతే.

పదహారవ కిలోమీటరు వద్ద ఇంద్రజ నడకకు దిగింది.

"నువ్వు పో అక్కా, నేను మెల్లగొస్త."

అచ్చమ్మ సాగిపోయింది. మంచు విడిచేసరికి తోరణం కనబడింది. దాని మీది గడియారంలో ఇంకా పన్నెండు నిమిషాలున్నవి. పక్కన బల్లమీద ఇత్తడికంకులు లేయెండలో మెరుస్తున్నవి. పది అడుగులు వేస్తే చాలు. గట్టెక్కబోయే ముందు వెనుకకు చూడటం ఆమెకు అలవాటు, చూసింది. దూరాన, కాలువ మలుపులో, తొడ పట్టుకొని కుంటుతున్న ఇంద్రజ కనబడింది.

అచ్చమ్మ వెనుదిరిగి పరుగెత్తింది.

"అమ్మా, గీత గీడున్నది! అటు గాదు, ఇటు!" అని మైకు పట్టుకొన్న పిల్లవాడు గగ్గోలు పెట్టాడు. జనం గొల్లుమన్నారు. వేడుక చూడవచ్చిన మోతీబాయి మాత్రం నవ్వలేదు. "ఓసి పిచ్చిదానా, పది అడుగులే! మర్లి రాయే!" అని గొంతు చించుకున్నది.

"మతి పోయిందా అక్కా? నీ కంకి పోతది!" అన్నది ఇంద్రజ, కన్నీళ్లతో.

"మునుము మీద ముచ్చట్లు పెడితే పని గాదు టీచరమ్మా. భుజం మీద చెయ్యెయ్యి."

ఇద్దరూ తోరణం కిందికి వచ్చేసరికి మూడు గంటల మీద ఏడు నిమిషాలైంది. మిగిలిన కంకులను పెట్టెలో సర్దివేశారు. అచ్చమ్మ ఆ పెట్టె వంక ఒకసారి చూసింది, చూడలేదనడం అబద్ధమవుతుంది. ఇంద్రజ నిర్వాహకులతో వాదించబోగా, అచ్చమ్మ ఆమె చేయి పట్టి ఆపింది.

"లెక్క లెక్కే, టీచరమ్మా. నువ్వు గట్టెక్కినవ్ గదా."

తిరుగుదారిలో మోతీబాయి అడిగింది: "ఇగ గా మేకును ఏంజేస్తవే?"

అచ్చమ్మ ఇంటికి వచ్చి, పరుగుకు ముందు రొమ్ముమీద పిన్నులతో గుచ్చిన అంకెల కాగితాన్ని మెల్లగా విప్పింది. అంకెల కింద పెద్ద అక్షరాలతో ఆమె పేరు అచ్చువేసి ఉన్నది. చెమటకు ఒక మూల నానింది. దానిని మేకుకు తగిలించింది.

ఇప్పటికీ తలుపుసందున గాలి వీచినప్పుడు ఆ కాగితం పండినపైరు వలె గలగలలాడుతుంది. వేకువనిద్రలో అది విన్నప్పుడల్లా అచ్చమ్మ కాళ్లు దుప్పటి కింద మెల్లగా కదులుతవి, ముందుకే.