మరియమ్మగారు ఒప్పుకోని నలభయ్యో లెక్క

నిన్న బెజవాడ వన్ టౌన్‌లో ఆటో దిగగానే గోడౌన్ల వైపు నుంచి మిరప ఘాటు వచ్చింది. మూడు తుమ్ములు. లెక్కపెట్టడం నా అలవాటు. ఆ ఘాటు ముక్కుకు తగిలితే ఒక పాత జాబితా దానంతటదే కళ్ళ ముందుకు వస్తుంది: నాన్న, చల్లపల్లి దగ్గర ఎకరం పావు మాగాణి, రెండు గేదెలు, కాలేజీలో వచ్చిన సీటు, ఆ తర్వాత గోడౌన్‌లో గడిచిపోయిన ఏడేళ్ళు. పదిహేడో ఏటికీ ఇరవై నాలుగో ఏటికీ మధ్య నేను పోగొట్టుకున్నవి ఇవి. వీటిని కూడటానికి వీల్లేదు, ఏ రెండూ ఒక జాతివి కావు. అయినా ఆ రోజుల్లో కూడుతూనే ఉండేవాణ్ణి.

నాన్న పోయాక అమ్మనూ చెల్లెలినీ తీసుకుని బెజవాడ వచ్చి, మిరపకాయల గోడౌన్‌లో కాటా గుమాస్తాగా చేరాను. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, బస్తాలే నేర్పాయి. ముప్పై ఏడు బస్తాలు, ఒక్కోటి నలభై ఒకటింపావు కిలోలు అంటే, ఆఖరి బస్తా కాటా దిగేలోపు పదిహేను వందల ఇరవై ఆరుంపావు అని చెప్పేసేవాణ్ణి. డెబ్బైల మొదట్లో సాయంత్రం కాలేజీలో బి.కాం. చేరతానంటే షావుకారు నవ్వాడు. “డిగ్రీ వస్తే కాటా నీకు దణ్ణం పెడుద్దా ఏమయ్యా?” అన్నాడు. అయినా పొద్దుగూకేసరికి వదిలిపెట్టేవాడు.

మొదటి ఏడాది అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల పేపరుకు నాకు సున్నా వచ్చింది. పది జవాబులూ సరైనవే. కానీ జవాబులు తప్ప కాగితం మీద ఇంకేమీ లేదు. కాపీ కొట్టానని ప్రిన్సిపాల్ గారు నా పేరు తీసేయబోయారు. లెక్కల లెక్చరర్ సలోమీ గారు అడ్డుపడి, ఆయన ముందే నన్ను నాలుగు లెక్కలు అడిగారు. నాలుగూ నోటితో చెప్పాను. ప్రిన్సిపాల్ గారు ఊరుకున్నారు, ఆవిడ మాత్రం ఊరుకోలేదు.

“నువ్వు దొంగవి కాదని మాకు తెలిసింది. యూనివర్సిటీలో పేపరు దిద్దేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? వాళ్ళు నీ మొహం చూడరుగా” అన్నారు వరండాలోకి వచ్చాక.

“ఎలా వచ్చిందో రాయడం నాకు చేతకాదు మేడమ్. జవాబు వచ్చేస్తుంది, అంతే.”

“మార్చిలో ఇలాగే రాస్తే మళ్ళీ జన్మంతా ఆ కాటా దగ్గరే. రోజూ పొద్దున్నే మా ఇంటికి రా. నలభై లెక్కలు ఇస్తాను. దిద్దేది నేను కాదు, మా అమ్మ.”

సలోమీ గారి అమ్మ మరియమ్మగారు అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. గుణదలలో వాళ్ళ ఇంటి అరుగు మీద, ఒడిలో చేట పెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, నా కాగితం పక్కన పెట్టుకుని చదివేవారు. అర్థమైతే అడుగున పెన్సిలుతో ‘మ’ అని పెట్టేవారు. మొదటి రోజు నాకు బాగా వచ్చిన బస్తాల లెక్కే రాసిచ్చాను.

“ఇదిగో అబ్బాయ్, బస్తాలు ముప్పై ఏడని నువ్వే రాశావు. ఈ నలభై ఎక్కడివి? దొంగ బస్తాలా?”

“సులువు కోసమండీ మామ్మగారూ. నలభైకి కట్టి, ఎక్కువేసిన మూడు బస్తాల బరువూ తీసేస్తాను.”

“ఆ మాట రాయవేం మరి! నీ బుర్రలో ఉన్నది నాకు కనపడుద్దా?”

ఆ ఒక్క లెక్క నాలుగుసార్లు తిరగరాశాను. అన్నీ పోయాక నాకు మిగిలిన ఒకే ఒక్క గొప్ప నా వేగం. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. “అట్టా పరిగెత్తితే ముసలిదాన్ని, నీ వెనకాల ఎట్టా రాను?” అనేవారు. కొన్ని వారాలకు రాసేటప్పుడు నా పక్కన ఎవరో కూర్చుని వింటున్నట్టు అనిపించడం మొదలైంది. కలం నెమ్మదించింది. పరీక్షకు వారం ముందు ముప్పై తొమ్మిది కాగితాల మీద ‘మ’ పడింది.

నలభయ్యోది గణాంకాల లెక్క. ప్రతి అంకె సగటుకు ఎంత దూరంలో ఉందో చూడాలి. ఆ దూరాన్ని దాంతోనే హెచ్చవేయాలి. వచ్చినవాటికి సగటు కట్టి, చివర వర్గమూలం తీయాలి. ఒక్క మెట్టు వదలకుండా రాశాను. ఆవిడ రెండుసార్లు చదివారు.

“అంతా ఎక్కించావు, చివరికి మళ్ళీ దించావు. దించేదానికి ఎక్కించడం దేనికబ్బాయ్?”

“సూత్రం అంతేనండీ.”

“సూత్రమంటే ఎవరో చెప్పారనేగా? ‘జవాబు వచ్చేస్తుంది’ అన్నావంటగా మా అమ్మాయితో, దానికీ దీనికీ తేడా ఏముంది?”

లోపల్నుంచి సలోమీ గారు నవ్వారు. “అమ్మా, పరీక్షకి అది చాల్లే!”

“పరీక్షకి చాలుద్దేమో, నాకు చాలదు. తెలిశాక వచ్చి రాయి.” కాగితం వెనక్కి ఇచ్చేశారు.

ఆ మార్చిలో ప్యాసయ్యాను. మరో రెండేళ్ళకు డిగ్రీ చేతికొచ్చింది. దాంతో వేరే జిల్లాలో, పంటల దిగుబడులు లెక్కగట్టే ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం వచ్చింది. షావుకారు బస్సు దాకా వచ్చి, “కాటా దగ్గర ఇప్పుడెవణ్ణి పెట్టుకోనయ్యా?” అని మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇరవై ఏడేళ్ళ వయసులో నా జీవితం మళ్ళీ ఒకటో అంకె నుంచి మొదలైంది. చెల్లెల్ని కాలేజీలో చేర్పించాను.

ఉద్యోగంలో రెండో ఏడు, ఊళ్ళవారీ దిగుబడుల పట్టిక వేస్తూ, సగటు నుంచి దూరాలను, ఎక్కువైనవి కలుపుతూ తక్కువైనవి తీసేస్తూ, ఊరికే కూడి చూశాను. సున్నా వచ్చింది. ఇంకో పట్టిక తీశాను. సున్నాయే. బాగా పండిన ఊరు ఎండిపోయిన ఊరిని చెరిపేస్తోంది. ఎక్కడా ఏమీ జరగనట్టే ఉంది. దూరాన్ని దాంతోనే హెచ్చవేస్తే లోటు కూడా కూడికలోకే వస్తుంది, ఏ ఊరూ ఇంకో ఊరిని చెరపదు. ఎక్కించడం అందుకు! మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. నా పాత జాబితా గుర్తొచ్చింది. డిగ్రీ, జీతం, చెల్లెలి చదువు దాని పక్కన పెట్టి సరిపోయిందనుకుంటూ వచ్చాను కొంతకాలంగా. సరిపోలేదు. నాన్న నాన్నగానే పోయారు. చదువు చదువుగానే వచ్చింది. రెండూ ఉన్నాయి.

అదంతా మరియమ్మగారికి తెలిసేలా రాసుకుని, సెలవు పెట్టి గుణదల వెళ్ళాను. అరుగు ఖాళీగా ఉంది.

“అమ్మ పోయి నాలుగు నెలలైంది. నీ అడ్రసు దొరకలేదు” అన్నారు సలోమీ గారు. కాగితం అడిగి తీసుకుని, నిలబడే మొత్తం చదివారు. పెన్సిల్ ఇవ్వబోయాను. తల అడ్డంగా ఊపారు.

“నాకు అర్థమైంది. కానీ ఇది దిద్దాల్సింది నేను కాదు.”

ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అడుగున ‘మ’ పడాల్సిన చోటు ఖాళీగానే ఉంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు ఏది చెప్పినా, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒక పెద్దావిడ వింటున్నట్టే చెప్పేవాణ్ణి. నలభైకి ముప్పై తొమ్మిది. ఇంకా ఒకటి బాకీ.