సెక్షన్ల రమాసుందరి గారు

రమాసుందరి గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. కంటికి ఏది కనబడినా దానిమీద ఓ చట్టం చేసేస్తారు. ముప్ఫై ఏళ్ళు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాక, రెండువేల ఏడులో గుణదలలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. ఉన్నవి అయిదు కంప్యూటర్లు, గోడ నిండా సెక్షన్లు. తెరలన్నీ వీధివైపే తిరిగి ఉండాలన్నది సెక్షన్ రెండు. దాని పుణ్యమా అని కూరగాయల బండి బుల్లెమ్మకి కూడా ఎవరి ఎంసెట్ ర్యాంకు ఎంతో తెలిసిపోయేది.

ఇంటర్ చదివే అనఘకి ఒళ్ళు మండించింది సెక్షన్ తొమ్మిది. పద్దెనిమిది నిండనివాళ్ళు ఓర్కుట్ తెరవరాదు.

"పద్దెనిమిదని నొక్కితే చాలాంటీ, అది నమ్మేస్తుంది."

"దానికి నీ వయసు తెలియదు. నీ బారసాలకి నేనొచ్చాను."

అనఘ ఇంకో సెంటరుకి వెళ్ళి ఓర్కుట్ ఖాతా తెరిచి, స్నేహితులు చూస్తారని ఫొటో పెట్టింది. పది రోజుల్లో ఎవడో ఆ ఫొటో కాజేసి, ఆమె పేరుతో దొంగ ఖాతా తెరిచి, ఇంటి ఫోన్ నంబరు కూడా రాసిపెట్టాడు. ఇక ఫోను ఆగితే ఒట్టు. నాన్న రామ్మూర్తి గారు ఒకసారి ఎత్తారు. "ఓర్కుట్లో మీ అమ్మాయి ఫొటో చూశామండీ" అని ఎవడో వెకిలిగా నవ్వాడు. ఆయన ఫోను పెట్టేసి, "రేపట్నుంచి కాలేజీ లేదు" అన్నారు.

అనఘ ఏడుస్తూ రమాసుందరి గారి సెంటర్లో వాలింది.

"నాకేం శిక్ష వేస్తారాంటీ?"

"విచారణ తరవాత. ముందు మజ్జిగ తాగు."

ఆవిడ ఓర్కుట్ కంపెనీకి కోర్టు ఇంగ్లీషులో రోజుకి ఆరు ఫిర్యాదులు కొట్టారు. నాలుగోరోజుకి దొంగ ఖాతా మాయమైంది. చట్టానికి జడిశారో, ఆ ఇంగ్లీషుకి జడిశారో తెలియదు.

ఆ సాయంత్రమే రామ్మూర్తి గారింటికి వెళ్ళారు.

"తప్పు నాదండీ. అప్లికేషన్ కోసం స్కాన్ చేసిన ఫొటో నా కంప్యూటర్లో చెరపడం మరిచాను. ఎవడో ఎత్తుకుపోయాడు. పిల్లదేం లేదు."

రామ్మూర్తి గారు పావుగంట చడామడా తిట్టారు. ఒక్క సెక్షనైనా చెప్పకుండా ఆవిడ తలొంచుకుని విన్నారు. చివరికి ఆయనే అలిసిపోయి, "సరే అమ్మాయ్, రేపు కాలేజీకి వెళ్ళు" అన్నారు.

అనఘ గేటు దాకా వెంటవచ్చింది.

"ఆంటీ, మీరు అబద్ధం చెప్పారు."

"మైనర్లు సాక్షికి ఎదురు ప్రశ్నలు వేయరాదు. సెక్షన్ ముప్ఫై."

"అదెప్పుడు పెట్టారు?"

"ఇప్పుడే, మీ మెట్లు దిగుతూ."

వారం రోజుల్లో మొదటిసారి అనఘ పకపకా నవ్వింది.