హెడ్ గారి సున్నపుకాయ

రాసుకో బంగారం, చెప్పింది చెప్పినట్టే. 1976 జూలైలో రాజమండ్రిలో ఫిజియాలజీ డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. కాలేజీ పేరు వద్దులే. ప్రొఫెసర్లకి కింద, అటెండర్లకి పైన ఉండే ఉద్యోగం. అదీ తాత్కాలికం. ఆగస్టులో బయటి ఎగ్జామినర్ వచ్చిన రోజు మా డిపార్ట్‌మెంటు హెడ్ గారు నాతో ఒకటే మాటన్నారు.

"కప్ప కాలు కదిలితే నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెడతానమ్మా. కదలకపోతే నువ్వే కదలాలి."

కప్ప కాలి కండని నరంతో సహా తీసి, రింగర్ అనే ఉప్పునీళ్లలో ఉంచుతాం. నరానికి కరెంటు తగిలిస్తే కండ ఎగరాలి. ఎగరలేదు. హెడ్ గారు వోల్టేజి పెంచారు. ఊహూఁ. ఇంకా పెంచారు. ఎగ్జామినర్ గారు ఆవలించి టీకి వెళ్లారు, వెనకే హెడ్ గారూ.

నేను తీగని తిన్నగా కండకే ఆనించాను. ఠక్కున ఎగిరింది! అంటే కండ బాగానే ఉంది, కబురే నరం చివర ఆగిపోతోంది. రింగర్ కలిపిన అటెండర్ సత్తిబాబుని పక్కకి పిలిచి అడిగాను.

"అన్నీ వేశానండి. ఆ కాల్షియం క్లోరైడే, వానలకి నీరుగారిపోయిందండి. చెడిపోయిందని పారబోసేశాను. బదులు ఉప్పు చిటికెడు ఎక్కువేశాను కదండీ!"

ఆ మందు గుణమే అంత, తేమ పీల్చి నీరవుతుంది. నరం చివర పెళ్లిపందిరి అనుకో. కరెంటు వచ్చి తలుపులు తీస్తుంది. బయటి కాల్షియం చుట్టంలా లోపలికొస్తేనే వడ్డన మొదలు, అంటే నరం తన రసాయనాన్ని కండ మీదకి వదులుతుంది. చుట్టమే లేకపోతే తలుపులు ఎంత బార్లా తీసి ఏం లాభం?

స్టోరులో ఇంకో సీసా లేదు. హెడ్ గారి బల్ల మీద తాంబూలం పెట్టె ఉంది. సున్నంలో ఉండేది కాల్షియమే కదా! అందులోని సున్నపుకాయలో ఉన్న సున్నం మొత్తం గీరేశాను. నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కచుక్కగా పోసి, లిట్మస్ కాగితం నీలంగా మారడం మానాక వడగట్టి, ఆ తేట కొంచెం రింగర్‌లో కలిపాను. కండ కాసేపు నానాక, నరానికి మొదటి వోల్టేజీయే ఇచ్చాను. కండ ఎగిరితే గీత పడే మసి పూసిన డ్రమ్ము మీద, గీత నిటారుగా లేచింది.

"వోల్టేజి సరిచేశానండి," అని టీ తాగి తిరిగొచ్చాక హెడ్ గారు ఎగ్జామినర్ గారికి చెప్పుకున్నారు. నేను ఖాళీ సున్నపుకాయకి మూత పెట్టి పెట్టెలో సర్దేశాను.

భోజనాలయ్యాక సత్తిబాబు హెడ్ గారికి కిళ్లీ చుట్టిచ్చాడు, ఇందులోనూ ఒకటి తక్కువగానే. హెడ్ గారు అద్దంలో నాలుక చూసుకుని నన్ను పిలిచారు.

"ఏంటమ్మా ఇది, ఎంత నమిలినా నోరు పండలేదు?"

"సున్నం లేందే పండదండి. కప్పకైనా, మీకైనా."

కాయ తెరిచి చూశారు. నన్ను చూశారు. కాగితం మీద సంతకం పెట్టారు, తాంబూలం పెట్టెకి తాళం కూడా వేశారు.

కండ కదలకపోతే వోల్టేజి జోలికి పోయేముందు సీసాలు చూడాలి. రిటైరయ్యేదాకా నేను పాటించింది అదే.