టైటస్ గారి చెయ్యి

గుంటూరులో ఇరవై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి చరిత్ర చెప్పి, ఐర్లండ్‌లోని డ్రోహెడాకి వచ్చి ముసలివాళ్ళకి స్నానాలు చేయించే పనిలో చేరిన మనిషి టైటస్ గారు. నేనూ అదే నర్సింగ్ హోమ్‌లో కేరర్‌ని. ఆయన దగ్గర పాఠాలు ఇంకా మిగిలే ఉన్నాయి. మా పదిహేను నిమిషాల టీ బ్రేక్‌లో పది నిమిషాలు ఆయన గ్రీకులే మింగేసేవారు.

ఆ కాలంలో అక్కడ ఇరుగుపొరుగు రాజ్యాలు ఒకే గుడి చుట్టూ చేరి కూటమి కట్టుకునేవట. చిన్నవాళ్ళయినా పెద్దవాళ్ళయినా రెండేసి ఓట్లే. యుద్ధమొచ్చినా ఒకరి ఊరికి ఇంకొకరు నీళ్ళు ఆపకూడదు. ఆపినవాళ్ళ మీదికి మిగతావాళ్ళంతా కలిసి వెళ్ళాలి.

ఆ పిచ్చితోనే ఆయన మా తెలుగు క్రైస్తవ సహవాసాలు మూడింటినీ కలిపారు. డ్రోహెడాలో నర్సులం, కేరర్లం. లీక్స్‌లిప్‌లో చిప్పుల ఇంజనీర్లు. డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్ళు. ఊరికి రెండు ఓట్లు. అందరికీ కలిపి ఒకే బాప్తిస్మపు తొట్టి, అది ఉండేది మా హాల్లో. ఎవరి నీళ్ళూ ఎవరూ ఆపకూడదని ప్రార్థనలో నిలబెట్టి మాట తీసుకున్నారు.

"రోజూ వానే గదా అంకుల్, ఇక్కడ నీళ్ళెవరు ఆపుతారు?" అని డబ్లిన్ వాళ్ళు నవ్వారు.

అప్పుడు వాళ్ళు పన్నెండుమంది. కంపెనీలు అంతస్తులకి అంతస్తులు నింపిన మూడేళ్ళలో రెండొందలయ్యారు. తొట్టి ఇక డబ్లిన్‌లోనే ఉండాలని ఓటింగ్ పెట్టారు.

ఆ శనివారం టైటస్ గారికి పొద్దుటి నుంచి రాత్రిదాకా డ్యూటీ. మా ఊరి ఓట్లలో ఒకటి ఆయనది, రెండోది ఏసుదాసుది. టైటస్ గారే వీసా కాగితాలు రాసిపెట్టి, ఇల్లు దొరికేదాకా ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టిన తమ్ముడు.

"నా చెయ్యి గూడా నువ్వే ఎత్తు తమ్ముడూ. తొట్టి కదలగూడదు. వచ్చే ఆదివారం ప్రిస్కిల్లాది" అని ఆయన ఫోనులో చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. బాప్తిస్మానికి రెండేళ్ళు నాన్చిన ఆయన కూతురు, తన ఊళ్ళో, తన స్కూలు స్నేహితుల ముందైతే సరేనంది. ఆయనకి అంతకుమించిన కోరిక లేదు.

"అంతా సెట్టయిందన్నా" అన్నాడు ఏసుదాసు సాయంత్రం.

మరుసటి శనివారం నీళ్ళు నింపుదామని పైపు పట్టుకుని వెళ్ళాం, ప్రిస్కిల్లా కూడా వచ్చింది. హాల్లో తొట్టి లేదు. ఏసుదాసుకి డాక్‌ల్యాండ్స్‌లో ఉద్యోగం వచ్చిందనీ, ఇప్పించింది డబ్లిన్ సహవాసం పెద్దేననీ అప్పుడు తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. టైటస్ గారు మాత్రం మెల్లగా ఫోన్ చేసి, స్పీకర్ పెట్టారు.

"నీళ్ళు ఆపగూడదని మాటిచ్చాం గదరా. ఆపినోళ్ళ మీదికి అందరం పోవాలనుకున్నాం."

"ఎవరి మీదికి పోతావన్నా? ఆరుకి ఆరూ డబ్లిన్‌కే పడ్డాయి. నీ చెయ్యి గూడా నేనే ఎత్తా."

ఆయన కుడిచెయ్యి వైపు ఒకసారి చూసుకున్నారు.

"ఇట్స్ గ్రాండ్, డాడ్. ఏం పర్లేదు" అంటూ ప్రిస్కిల్లా స్నేహితులకి రావద్దని మెసేజ్ పెట్టింది. ఆ పిల్ల మళ్ళీ బాప్తిస్మం మాట ఎత్తలేదు.