చెవి మొదట్లో వేడి

బస్తరు రాజుల కాలంలో ఎర్రబోరు ఊరి పక్కన మా ఇల్లు, ఇంటిని ఆనుకునే కొట్టం. అందుకేనేమో, మా అమ్మ మాటలన్నీ కొట్టంలోంచే వచ్చేవి. నాన్న గట్టు తగాదాకు బయల్దేరితే కాలు దువ్వుతున్నాడనేది. అన్న సంతలో బేరం చెడి వస్తే తోక ముడిచాడనేది. పెద్దవాళ్ల మాటలకు నేను చెవులు రిక్కించానంటే వీపు మీద ఒకటి పడేది.

ఎడ్ల దగ్గర మాత్రం ఆమెకు అవి తిట్లు కావు, జబ్బు గుర్తులు. కాడి కట్టే ముందు ప్రతి ఎద్దు చెవి మొదట్లో చెయ్యి పెట్టి చూసేది. వేడి తగిలిందా, ఆ రోజు దానికి పని లేదు.

అన్న పెళ్లయిన ఏడు, ఇప్పపూలు రాలే కాలం. కొత్తగా వచ్చిన వదిన ఒక పొద్దున అంబలి ముంత ముందు కూర్చుని మొహం పక్కకు తిప్పుకుంది.

"ముట్టె ఎట్ల తిప్పుతున్నదో సూడు. మన అంబలి ఆనదంట దొరసానికి," అంది అమ్మ.

నేను నవ్వాను. వదిన తల ఇంకా దించుకుంది. అది పొగరని అమ్మ, అలకని నేను అనుకున్నాం.

అంతలో సర్కారు చప్రాసి వచ్చాడు, కోంటా దాకా సామాను మోయడానికి మా బండి కట్టాలని. వెట్టికి కాదనగలిగే రోజులు కావవి. అమ్మ కొట్టంలోకి వెళ్లి ఎడమెద్దు చెవి పట్టుకుంది. ఎద్దు మేత ముట్టలేదు, చెవులు వాల్చింది, బండి కట్టేది లేదని అతనికి చెప్పేసింది. అతను ఎంత గదమాయించినా గుంజ దగ్గర నుంచి కదల్లేదు. చివరికి విసుక్కుంటూ వేరే ఇంటికి పోయాడు. అమ్మ ఎద్దును చింత నీడన కట్టేసి, వదిన చేతికి గంప ఇచ్చి, ఇప్పపూలు ఏరడానికి నన్ను తోడు పంపింది.

ఇప్పచెట్టు కింద వదిన నాలుగు పూలు ఏరి కూర్చుండిపోయింది. ఇంకా అలకే అనుకుని నా బుట్ట నేను నింపుకున్నాను. తిరిగి చూసేసరికి పూల మీదే ఒరిగిపోయి వణుకుతోంది.

పరుగెత్తి అమ్మను తీసుకొచ్చాను. అమ్మ వంగి, అలవాటు కొద్దీ చెవి మొదట్లోనే చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి చాలాసేపు తీయలేదు. నాన్న, అన్న వదినను మంచం మీద మోసుకొచ్చారు.

ఎద్దు సాయంత్రానికే గడ్డి నమిలింది. వదిన చలిజ్వరంతో, ఇప్పపూలు పూర్తిగా రాలిపోయేదాకా మంచం దిగలేదు. బతుకుతుందన్న నమ్మకం చాలా రోజులు మాకెవరికీ లేదు. అన్నాళ్లూ అమ్మ కొట్టం వైపు పోలేదు. ఎడ్లను నాన్నే చూసుకున్నాడు.

వదిన లేచి కూర్చున్న రోజు, అమ్మ అంబలి తెచ్చి ముందు ఆమె చెవి తడిమింది. వదిన నవ్వింది.

"నాక్కూడ రెండు కొమ్ములుంటే ఆ పొద్దే నా జొరం తెల్సిపోతుండె గదా, అత్తమ్మా."

ఇంట్లో అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు.

"ఎద్దు తినకుంటె భయమైంది. నువ్వు తినకుంటె కోపమొచ్చింది. ఏంది బిడ్డా, నా బుద్ధి?"

ఆ పొద్దున కూడా నవ్వింది నేనేనని అప్పుడు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. వదిన మెల్లగా అంబలి తాగింది. ముంత ఖాళీ అయ్యేదాకా అమ్మ చెయ్యి ఆ చెవి దగ్గరే ఉంది.